ఇంగువ వేసిన చెయ్యి

మా బడిలో లెక్కలు చెప్పే టీచరు కొడుక్కి గోధుమ పడదని పోయిన నెల తేలింది. నా కూతురికి ఏడేళ్ళుగా అదే జబ్బని అందరికీ తెలుసు కాబట్టి ఆమె నేరుగా నా దగ్గరికే వచ్చింది. "మేడమ్, ఆదివారం మా ఆడబిడ్డ వాళ్ళొస్తాండారు. గోధుమ, మైదా, రవ్వ లేకుండా, తొందరగా అయ్యేవి, చుట్టాల ముందర పెడితే తక్కువ కాకుండా ఉండేవి ఒక నాలుగు రాసియ్యండి" అని తెల్లకాగితం నా చేతిలో పెట్టింది.

ఇదేం పెద్ద పని అనుకుని గబగబా రాశాను. రాగిసంగటి, నాటుకోడి పులుసు. కొర్రన్నం, గుత్తివంకాయ. ఉగ్గాని. జొన్నరొట్టె, ఊరుబిండి అనే చెనిక్కాయల పచ్చడి. నాలుగు వరసలు రాశాక చూసుకుంటే నాలుగూ మా అత్తవే. నా సొంతమని చెప్పుకునేది ఒక్కటీ లేదు. కింద ఒక జాగ్రత్త రాయాలి: ఇంగువ మాత్రం వెయ్యొద్దు అని. అక్కడ నా చెయ్యి ఆడలేదు. తలనొప్పిగా ఉంది, రేపిస్తానని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. టీచరు ఇప్పటికి రెండుసార్లు అడిగింది. నేనింకా ఇవ్వలేదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. బేతంచెర్లలో ఉండేది. పోయిన కార్తీకంలో పోయింది. ఆమె బతుకు మొత్తం చెప్పాలని కూర్చుంటే పది మాటల్లో అయిపోతుంది. భర్త బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసి చిన్నవయసులోనే పోయాడు. ఒక్క కొడుకు. అతను బండల లోడు లారీ తోలుతాడు. అంతే. కానీ చుట్టాలు భోంచేసేటప్పుడు ఆమె ఎలా నిలబడేదో చెప్పాలంటే నాకు ఒక పూట చాలదు.

వంటింటి గుమ్మంలో నిలబడేది. ఎడమచెయ్యి గుమ్మానికి, కుడిచేతిలో గరిటె. తినేవాళ్ళ పళ్ళెం వంక చూసేది కాదు, గొంతు వంక చూసేది. ముద్ద ఒక్క క్షణం ఆగినా ఆమెకు తెలిసిపోయేది. నీళ్ళు అడగకముందే చెంబు వచ్చేది. ఎవరైనా "శానా బాగుండాది" అంటే వినిపించుకునేది కాదు. "బాగుండాదని నోటితో చెప్పేదెందుకప్పా, ఇంగో రొట్టె ఏసుకో సాలు" అనేది. రెండోసారి వేయించుకోని చుట్టం వెళ్ళిపోయాక ఆ సాయంత్రమంతా ఆమెకు మనసు మనసులో ఉండేది కాదు. కారం ఎక్కువైందేమో, ఉప్పు చాలలేదేమో అని గిన్నె అడుగున మిగిలింది నాకి చూసుకునేది.

ఆ ఊళ్ళో అంతా తెల్లదుమ్ము. బండలు కోసే దుమ్ము, పాలిష్ పట్టే దుమ్ము, లారీలు లేపే దుమ్ము. కడిగి బోర్లించిన పళ్ళెం మీద కూడా గంటలో పొర పడుతుంది. అందుకని అత్త ప్రతి పళ్ళేన్నీ చుట్టం ముందు పెట్టేముందు కొంగుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, మళ్ళీ తుడిచి పెట్టేది. అది ఆమెకెంత అలవాటంటే కడపలో నా పెళ్ళిలో బంతి మొదలవుతుంటే వరస ఈ చివర నుంచి ఆ చివరదాకా అందరి విస్తరాకులూ కొంగుతో తుడుచుకుంటూ పోయింది. మగపెళ్ళివాళ్ళు "ఈమె ఎవరు, వడ్డించేవాళ్ళ మనిషా?" అని అడిగారు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మా చిన్నప్పుడు అత్త ఇంట్లో గోధుమపిండి డబ్బా మూత తీసిందంటే ఎవరో వస్తున్నారని అర్థం. జొన్నరొట్టె ఇంటివాళ్ళకు. పూరీ, చపాతీ, సేమ్యా పాయసం వచ్చినవాళ్ళకు. ఇప్పుడంటే కర్నూలులో జొన్నరొట్టెకు బోర్డులు పెట్టి మరీ అమ్ముతున్నారు, కార్లలో వచ్చి తినిపోతున్నారు. అప్పుడు చుట్టానికి జొన్నరొట్టె పెట్టి పంపిస్తే నాలుగేళ్ళు చెప్పుకునేవాళ్ళు. అత్త ఆ పద్ధతిలో పుట్టి పెరిగిన మనిషి.

మా పాపకు అయిదో ఏట పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయ్యాయి. కర్నూలులో రక్తం పరీక్ష చేసి, హైదరాబాదులో గొంతులోంచి గొట్టం వేసి చూసి, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం ఈ పిల్లకు జన్మలో పడదని తేల్చారు. చిటికెడు కూడా పేగును తినేస్తుందన్నారు. ఆ చిటికెడు సంగతే మా వాళ్ళకు ఎక్కలేదు. "ఒక్క పూరీకి ఏమయితాది?" అనేవాళ్ళు. నేను అటు తిరిగితే పిల్ల నోట్లో బిస్కెట్టు పెట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళకు టిఫిను క్యారియరు మోసుకుపోయి, పాపను ఒక మూల గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి తినిపించేదాన్ని. పోను పోను ఎక్కడికీ పోవడం మానేశాం. మా ఇంటికి వచ్చేవాళ్ళూ తగ్గిపోయారు.

అత్తకు చెబితే ఆమె అడిగిందల్లా నాలుగు మాటలు.

"జొన్నలు తింటాదా?"

"తింటాది."

"కొర్రలు? రాగులు?"

"తింటాది."

"బియ్యం?"

"అవీ తింటాది అత్తా."

"మరి ఇంగేమిటికిమే నీ ఏడుపు? మన సీమ అంతా బతికింది వాటి మిందనే గదా!"

రెండు నెలల తరవాత ఆరోజే నేను నవ్వాను.

ఆ వారమే ఇంట్లో ఉన్న గోధుమపిండంతా పక్కింటి మాబున్నీకి ఇచ్చేసింది. మాబున్నీ జాకెట్లు కుడుతుంది, ఏడో తరగతిదాకా చదివింది, అత్తను పెద్దమ్మా అని పిలుస్తుంది. పిండితో పాటు ఆ డబ్బా కూడా ఆమెకే ఇచ్చేసింది. కొత్త పెనం కొంది. జొన్నలు కడిగి, ఆరబోసి, తనే నెత్తిన పెట్టుకుని మరకు పోయేది. ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారని, మొదట రెండు శేర్లు పట్టించి ఆ పిండి వేరే సంచిలో పోసి మాబున్నీకి, తరవాత పట్టింది మా పాపకు. మర ఆయన ప్రతిసారీ తిట్టుకునేవాడట. ఈమె "తిట్టుకో నాయనా, పిండి మాత్రం కలపాకు" అనేదట.

ఆ తరవాత రెండేళ్ళు దాదాపు ప్రతి నెలా ఒక ఆదివారం కర్నూలు నుంచి బస్సెక్కి అత్త దగ్గరికి పోయేవాళ్ళం. మా టీచరు తేలిక వంటలు అడిగింది కదా, అత్త వంటంత తేలిక వంట నేను చూడలేదు. సంగటికి బియ్యం మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి మూతపెట్టి, బయటికొచ్చి మాతో కూర్చునేది. "ఉడికేది దాని పని, అడ్డం రాకుండా ఉండేది మన పని" అనేది. గడియారం చూడకుండానే వేళకు లేచిపోయి కట్టెతో తిప్పి, తడిచేత్తో ముద్దలు చేసేది. బొరుగులు, అదే మరమరాలు, తడిపి నీళ్ళు పిండేసి, తాలింపులో వేసి, పప్పులపొడి చల్లితే ఉగ్గాని. ఇది పది నిమిషాల పని. జొన్నరొట్టెకు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యే కావాలి ఆమెకు. వేడినీళ్ళతో పిండి కలిపి, పలక మీద తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్దేది. ఆ తట్టే చప్పుడుకు మా పాప పోయి పక్కన కూర్చునేది.

ఒకసారి కడప నుంచి మా బాబాయి వాళ్ళొచ్చారు. అందరికీ పళ్ళేల్లో జొన్నరొట్టె, వంకాయ, ఊరుబిండి పడ్డాయి. బాబాయి నవ్వి, "ఏమక్కా, పూరీలు యాడ? కరువొచ్చిందా ఏమి?" అన్నాడు.

అత్త నవ్వలేదు. "ఈ పిల్ల తినలేనిది ఈ ఇంట్లో ఎవురికీ లేదప్పా. దానికొకటి, మీకొకటి పెడితే అది రోగిష్టిదైతాది. చుట్టమెట్లయితాది?" అంది.

పాప ఆరోజు వరసలో మధ్యన కూర్చుంది. అందరూ తినేదే తింది. బాబాయి మనవడి పళ్ళెంలోంచి రొట్టెముక్క తుంచుకుంది, వాడు తన పళ్ళెంలోంచి తుంచుకున్నాడు. నా బిడ్డ ఎంగిలికి భయపడకుండా ఒకరితో పంచుకుని తినడం అదే మొదటిసారి. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను.

ఆ ఆదివారాలు అయిన మర్నాడో, ఆ మర్నాడో పాపకు కడుపునొప్పి మొదలయ్యేది. మొదట్లో ప్రయాణం బడలిక అనుకున్నాం. రక్తపరీక్షలో పేగు దెబ్బ చూపే అంకె ఎంతకీ దిగదు. "ఎక్కడో తింటోందమ్మా, కనుక్కోండి" అన్నాడు డాక్టరు. నేను పిల్ల బడిసంచి వెతికాను. స్నేహితుల ఇళ్ళకు పోయి వాళ్ళ అమ్మలను నిలదీశాను. ఒకరోజు "ఎవరు పెట్టారో చెప్పు" అని పాప చెంప మీద కొట్టాను. "నీ మీద ఒట్టమ్మా, నేనేం తినలేదు" అని అది నా కాళ్ళు పట్టుకుంది. నేను నమ్మలేదు.

అత్త మీద అనుమానం నా కలలో కూడా రాలేదు. కడుపునొప్పి అని ఆమెకే చెప్పుకునేదాన్ని. "ఇంగువ ఎక్కువేస్తాలే. ఇంగువ పడితే యా కడుపైనా దోవకొస్తాది" అనేది. పులుసులో ఇంగువ. ఉగ్గాని తాలింపులో ఇంగువ. మజ్జిగలో ఇంగువ కలిపి పాప చేత తాగించేది. పిల్లకు ఎంత నొప్పి వస్తే అంత ఎక్కువ వేసింది. చిటికెడు కాస్తా అర చెంచా అయింది. మా ఇంట్లో ఆయనకు ఆ వాసన గిట్టదని ఇంగువ తెచ్చేదాన్నే కాదు. అందుకే మా ఇంట్లో తిన్నన్నాళ్ళూ పాప బాగుండేది.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం అత్త ఇంటికి ఆమె కొడుకు అత్తగారి వాళ్ళు మొదటిసారి భోజనానికి వచ్చారు. కొత్త వియ్యంకులు. బాబాయి వాళ్ళూ, మేమూ ఉన్నాం. సంగటి, కోడిపులుసు, కొర్రన్నం. అంత కొత్త చుట్టాలకు కూడా గోధుమది ఒక్కటి చెయ్యలేదు. బంతి కూర్చుంది, అందరూ ఒకటి రెండు ముద్దలు తిన్నారు. అత్త ఇంకో గిన్నెలో చారుకు తాలింపు పెడుతూ, "కోడలా, ఆ ఇంగువ డబ్బా అందీమే" అంది నాతో. అప్పటికి నాకు ఏ డబ్బా చేతికొచ్చినా వెనక్కి తిప్పి చదవడం రోగంలా పట్టుకుంది. తిప్పాను. చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: జిగురు, గోధుమపిండి, ఇంగువ.

మూత పెట్టి, ఆమె చెవిలో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

"ఇది ఎన్నాళ్ళనుంచి ఏస్తాండావత్తా?"

"మొదుట్నుంచీ ఏస్తాండా. కడుపుకు మంచిది గదా."

"దీంట్లో గోధుమపిండి ఉండాది! రెండేండ్లుగా నువ్వే నా బిడ్డకు విషం పెడ్తాండావు. నీ వల్ల దాన్ని నేను కొట్టినా. నీ వల్ల!"

బంతిలో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. వినపడాలనే అరిచాను. బాబాయి లేచి వచ్చి డబ్బా తీసుకుని పైకి చదివాడు. అత్తకు చదువు రాదు. ఆమె డబ్బా అందుకుని వాసన చూసింది. అరచేతిలో కొంచెం పోసుకుని, ఏ పిండినైనా చూసినట్టే బొటనవేలితో నలిపి చూసింది. "ఇంగువలో గోదుమలు యాడివిమే?" అని నన్నే అడిగింది. ఆ అడగడంలో వాదన లేదు. నిజంగా తెలియక అడిగింది.

తరవాత బయటికి పోయి ముందు పాప పళ్ళెం తీసింది. ఆపైన ఒక్కొక్కరి పళ్ళెమే తీసుకుంటూ పోయింది. "తినొద్దండప్పా. లేయండి. తినొద్దండి" అంటూ వియ్యంకుడి చేతికిందనుంచి పళ్ళెం లాగింది. తినేవాళ్ళను లేపడం మా వైపు చావు కబురొచ్చినా చెయ్యరు. ముద్ద పూర్తయ్యాకే చెబుతారు. ఆమె సంగటి ముద్దలు, పులుసు కుండ, అన్నీ తీసుకుపోయి పెరటి గుంతలో పోసి మట్టి కప్పింది. నేను విషం అన్నాను కదా, ఆమె విషమనే నమ్మింది. ఎవరు చెప్పినా ఆగలేదు. వియ్యంకులు ఆకలితో బస్సెక్కారు.

ఆరోజు నుంచి అత్త ఎవరికీ వండలేదు. "నా చెయ్యి మంచిది గాదు" అనేదట. కొడుకు ఫోన్లో చెప్పేవాడు: "అమ్మ పొయ్యి కాడికే పోదు వదినా. నా పెండ్లామే చేస్తాది. అమ్మ పిండి ముట్టదు." ఎవరైనా వస్తే గుమ్మంలో నిలబడడం కూడా మానేసి, వాళ్ళు తిని లేచేదాకా వీధి అరుగు మీద అటు తిరిగి కూర్చునేదట. నేను ఇవన్నీ విన్నాను. ఊఁ కొట్టాను. ఇంగువ ఆగిపోయాక పాప తేరుకుంది. ఒళ్ళు చేసింది. అంకె దిగింది. పాప బరువు పెరిగేకొద్దీ నా కోపానికి బలం వచ్చింది. నేనన్నది నిజమే కదా అని నన్ను నేను మెచ్చుకునేదాన్ని. మూడేళ్ళకు పైగా ఆ గడప తొక్కలేదు.

పోయినేడు వానల్లో పాప పట్టుబట్టింది, అవ్వను చూడాలని. ముందురోజు ఫోన్ చేసి చెప్పి పోయాం. అత్త సగమైపోయింది. పాప ఎంత పొడుగైందో చూసి దాని భుజం తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. మమ్మల్ని అరుగు మీదే చాప వేసి కూర్చోబెట్టింది. అరటిపళ్ళు తెచ్చింది. పొట్టు తీయని చెనిక్కాయలు, సీతాఫలాలు, ఒక కొబ్బరిబోండాం తెచ్చింది. "తొక్క ఉండేదైతే భయం లేదులే. నా చెయ్యి తగల్లేదు" అంది. ఆమె నన్ను దెప్పడానికి అనలేదు, నాకు ధైర్యం చెప్పడానికి అంది.

పాప ఒక పండు తిని, "అవ్వా, జొన్నరొట్టె చెయ్యవా?" అంది.

అత్త నా వంక చూసింది. చీర కుచ్చెళ్ళకు చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, చూస్తూనే ఉంది. అంత పెద్ద మనిషి నా సెలవు అడుగుతోందని నాకు అర్థమైంది. అర్థం కాలేదని అబద్ధం చెప్పను. "చెయ్యత్తా" అంటే చాలు. ఒక్క మాట.

"వద్దులే పాపా. బస్సుకు టైమయితాంది" అన్నాను.

బస్సు ఇంకో గంటకు ఉంది. అది ఆ ఊళ్ళో ఉండే మనిషికి తెలియదా? అయినా అత్త వెంటనే, "అవునవును, పోతాది బస్సు. లేయండి, లేయండి" అని నా అబద్ధాన్ని తనే మోసుకుంది. సీతాఫలాల సంచి పట్టుకుని బస్టాండుదాకా వచ్చింది.

కార్తీకం చివర్లో నాలుగు రోజుల జ్వరంతో పోయింది.

దినాలనాడు నీళ్ళకోసం ఆ వంటింట్లోకి పోయాను. పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో అక్షరాలున్నాయి. వంకర టింకరగా, ఒక్కోటి జానెడు. గోధుమ. మైదా. రవ్వ. కింద అవే మాటలు ఇంగ్లీషులో, బొమ్మ గీసినట్టు. ఎవరు రాశారని మాబున్నీని అడిగాను.

"పెద్దమ్మే రాసింది. నాతో రాయిచ్చుకొని వాటి మింద దిద్ది దిద్ది నేర్చుకున్యాది. అంగడికి పోయి యా డబ్బా తెచ్చినా ఈడికొచ్చి గోడకు ఆనిచ్చి, ఒక్కొక్క అచ్చరం వేలు పెట్టి చూసుకునేది."

"ఎందుకు?"

"మీ పాపకు వండాల గదా అనేది." మాబున్నీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరొచ్చిన దినం తెల్లారి నుంచి ఎంత అగసాట్లు పడిందో. ముందు దినమే జొన్నలు పట్టిచ్చుకొచ్చింది. పెరట్లో పొయ్యి ముట్టిచ్చి, ఎసురు పెట్టుకొని, అప్పుడు ఇంటి ముందరికొచ్చింది మీ కాడికి. నేనన్నా, చెప్పు పెద్దమ్మా, రొట్టె చేస్తానని నువ్వే చెప్పు అని. 'నేనెట్ల చెప్పేది? బిడ్డ తల్లి కదా, ఆయమ్మే అనాల' అనింది. మీరు బస్సుకు పోయినంక వచ్చి ఆ ఎసురే పోసి ఆర్పేసింది."

నేను నీళ్ళు తాగకుండానే చెంబు కింద పెట్టాను. పెరట్లో పొయ్యి మండుతున్న సంగతి ఆరోజు నాకు తెలియదు. తెలిసి ఉంటే చెయ్యత్తా అనేదాన్ని అని మాబున్నీతో అన్నాను. ఇంటికొచ్చి మా ఆయనతోనూ అదే అన్నాను. అది అబద్ధం. తెలిసినా అనేదాన్ని కాదు.